ట్యాంకు కింద పెద్ద తేనెపట్టు, అసోసియేషన్ వాళ్లు కాల్చేద్దాం అంటున్నారు. ఏం చెప్పి ఆపాలి?

పటమట_మిద్దెతోట:

అందరికీ నమస్తే. మాది విజయవాడ పటమట వైపు ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. టెర్రస్ మీద నీళ్ల ట్యాంకు కింద స్లాబుకి సంక్రాంతి ముందు తేనెటీగలు పట్టు పెట్టాయి. చిన్నదే కదా అని అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడది రెండడుగులు దాటింది, ఈగలు కూడా పెద్ద సైజువి, ఎవరైనా కాస్త దగ్గరికి వెళ్తే పట్టు మీద ఉన్నవన్నీ ఒకేసారి అలలాగా కదులుతాయి, చూస్తే భయమే వేస్తుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. రాత్రి ఐదో అంతస్తు వాళ్ల బాల్కనీ లైటు చుట్టూ తిరిగి తిరిగి కింద పడుతున్నాయి, పొద్దున్నే చీపురుతో ఊడ్చుకుంటూ వాళ్లు గ్రూపులో ఫొటోలు పెడుతున్నారు.

ఇక అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో రోజూ ఇదే గోల. ట్రెజరర్ గారు ఒక మనిషిని మాట్లాడేశారు. అతను రాత్రి పూట కాగడా పెట్టి, ఆ తర్వాత ఏదో పురుగుమందు కొట్టి, పట్టు కోసుకుని వెళ్తాడట. తేనె అతనికే, అందుకని మన దగ్గర తక్కువే తీసుకుంటాడట. నేను వద్దన్నాను. "అయితే మీరే బాధ్యత తీసుకుంటారా మేడమ్" అన్నారు. అక్కడ నాకు నోట మాట రాలేదు, ఎందుకంటే నిజంగా ఏం చెయ్యాలో నాకు తెలియదు.

తెలిసినవాళ్లు చెప్పండి. ఇవి వాటంతట అవే వెళ్లిపోతాయి అంటున్నారు కొందరు, నిజమేనా, ఎప్పుడు? చంపకుండా వేరే చోటికి మార్చేవాళ్లు విజయవాడలో ఉన్నారా? ఇంకొకటి, ఇది కాస్త వేరే సంగతి, మా మిద్దె తోటలో బీర పాదుకి పిందెలు బాగానే వస్తున్నాయి గానీ పచ్చబడి రాలిపోతున్నాయి. పైన ఇన్ని వేల ఈగలు పెట్టుకుని నాకు ఒక్క బీరకాయ నిలబడకపోవడం ఏంటి?

బెంజిసర్కిల్_బాబాయ్:

అమ్మా, ప్రకృతి ప్రేమ మంచిదే గానీ మీ ట్రెజరర్ అన్నదాంట్లో తప్పేముంది? మా బంధువుల అపార్ట్‌మెంటులో ఇలాగే వదిలేశారు. ఒక రోజు మధ్యాహ్నం ఏం జరిగిందో తెలియదు, ఈగలు లేచాయి, కింద కూరగాయల బండి ఆయన్ని, ఇద్దరు పిల్లల్ని కుట్టాయి. పెద్దాయన ఆసుపత్రిలో ఒక రాత్రి ఉండాల్సి వచ్చింది. ఊళ్లో చెట్టు మీద ఉంటే వదిలేయొచ్చు, తొంభై మంది తిరిగే చోట కాదు. ఒక్క పట్టు తీసేస్తే దేశంలో తేనెటీగలు అంతరించిపోవు. ముందు మనుషులు, తర్వాత ఈగలు.

పెట్టెల_తేనె_తెనాలి:

బాబాయ్ గారి భయాన్ని నేను కొట్టిపారేయను, ఈ ఈగ కుడితే సరదా కాదు. నాకు పెట్టెలున్నాయి, ఇటాలియన్ ఈగలు, పొద్దుతిరుగుడు నువ్వులు ఎక్కడ పూస్తే అక్కడికి లారీలో వేసుకుని తిరుగుతాం. మీ టెర్రస్ మీదున్నది అది కాదు. మీరు చెప్పిన సైజు, ఆ అల కదలడం, రాత్రి లైటుకి రావడం, అన్నీ చూస్తే అది కొండ తేనెటీగ, కొందరు పెద్దీగ అంటారు, శాస్త్రం పేరు ఏపిస్ డోర్సాటా. ఆ అల ఊరికే కాదు. కందిరీగలు దగ్గరికొస్తే బెదిరించడానికి వెనక భాగం పైకెత్తి వరసగా ఆడిస్తాయి. మీరు దగ్గరికెళ్లినప్పుడు అలా కదిలిందంటే "ఇంక రాకు" అని చెప్పినట్టే, అక్కడే ఆగి వెనక్కి వచ్చేయండి.

మొదట మార్చడం సంగతి. ఎవరైనా "ఈ పట్టుని అలాగే తీసి అడవిలో పెడతాం, రెస్క్యూ చేస్తాం" అని డబ్బులడిగితే నమ్మకండి. పెట్టెలో ఉండేది తొర్రల్లో పట్టు పెట్టే మన దేశవాళీ ఈగ, లేదంటే ఇటాలియన్. కొండ ఈగ ఆరుబయట ఒకే ఒక పెద్ద పట్టు వేలాడదీస్తుంది, చీకటి పెట్టెలో ఉండదు. రెస్క్యూ పేరుతో చాలామంది చేసేది పొగ పెట్టి ఈగల్ని లేపి పట్టు కోసుకుపోవడమే. లోపల ఉన్న పిల్ల పురుగులన్నీ పోతాయి, ఇల్లు పోయిన ఈగలు రెండు మూడు రోజులు అక్కడక్కడే తిరుగుతాయి, కుట్టేది అప్పుడే ఎక్కువ.

రెండోది, వెళ్తాయా అంటే వెళ్తాయి. ఇవి వలస ఈగలు. చుట్టుపక్కల పూత ఉన్నంత కాలం ఉంటాయి, పూత అయిపోయాక పట్టు వదిలేసి మొత్తం లేచిపోతాయి. ఇప్పుడు మామిడి పూత నడుస్తోంది, ఉగాదికి వేప, ఆ తర్వాత కానుగ. ఆ వరస అయ్యేదాకా ఓపిక పట్టండి. తారీఖు అడిగితే చెప్పలేను, వాటికి క్యాలెండరు లేదు. అయితే ఏడాది తిరిగాక మళ్లీ అదే స్లాబుకి రావచ్చు. ఈ ఈగలు పాత చోటికే తిరిగొస్తాయని జన్యు పరీక్షలతో 2000లో పరిశోధకులు తేల్చారు. అందుకని ఖాళీ చేశాక స్లాబుకి మిగిలిన మైనం గీకేసి, ఆ చోటుకి సన్న జాలీ కొట్టించండి. మైనం వాసన ఉంటే వేరే గుంపు కూడా వచ్చి దిగుతుంది. ట్రెజరర్ గారు డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఆ జాలీకి, కాగడాకి కాదు.

కాల్చడం గురించి. రాత్రి కాలిస్తే ఈగలన్నీ చచ్చిపోవు. రెక్కలు కాలినవి కింద పడతాయి, మిగతావి చీకట్లో వెలుగు కనపడిన చోటికల్లా వెళ్తాయి, అంటే మీ ఇళ్లలోకి. ట్యాంకు కింద అంతా ప్లాస్టిక్ పైపులు, వైర్లు ఉంటాయి. ఇంక పురుగుమందు కొట్టిన పట్టులోంచి పిండిన తేనె ఆ మనిషి ఏం చేస్తాడు? మర్నాడు బిందెలో పోసుకుని "పెర తేనె, అడవి తేనె" అని రోడ్డు పక్కన అమ్ముతాడు. పైన మైనం ముక్క కూడా తేలుతుంది కాబట్టి జనం అసలుది అనుకుని కొంటారు. మీ గ్రూపులో ఈ ముక్క పెట్టండి, పర్యావరణం అంటే కదలని వాళ్లు తేనె అంటే కదులుతారు.

ఇప్పుడు చెయ్యాల్సింది. టెర్రస్ తలుపుకి తాళం, తాళంచెవి ఒక్కరి దగ్గరే. పట్టు దగ్గర్లో పొగ, డ్రిల్లు, పటాసులు, గాలిపటాలు వద్దు. తేనె గద్ద అని ఒకటి ఉంటుంది, అది పట్టు మీద దాడి చేసినప్పుడు కింద ఏ పాపం ఎరగని మనుషుల్ని కుడతాయి, బాబాయ్ గారు చెప్పిన కేసు అదే కావచ్చు. కోతి కెలికినా, ఎవరైనా రాయి విసిరినా అంతే. గుంపు లేస్తే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని దగ్గర్లోని గదిలోకి పోయి తలుపేసుకోవాలి. కుట్టిన ముల్లు వెంటనే గోరుతో గీకి తీసేయాలి, ఎంతసేపు ఉంటే అంత విషం దిగుతుంది, ఎలా తీశామన్నది పెద్ద లెక్క కాదు. ఊపిరి ఆడకపోయినా, నాలుక గొంతు వాచినా, కళ్లు తిరిగినా, ఒకేసారి చాలా కుట్టినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చెయ్యాలి. అపార్ట్‌మెంటులో ఎవరికైనా ఇంతకు ముందు కుడితే అలా అయిందేమో ఇప్పుడే కనుక్కోండి. అలాంటివాళ్లు ఐదో అంతస్తులోనే ఉంటే అప్పుడు లెక్క వేరు, నేను కూడా పట్టు ఉంచమని పట్టుబట్టను.

బీర సంగతి రైతులెవరైనా చెప్తారు.

ప్రత్తిపాడు_మిరప:

బీర సంగతి నేను చెప్తానక్కా. బీర పువ్వు సాయంత్రం పూస్తుంది. మీ పైనున్న ఈగలు పగలంతా మామిడికో తుమ్మకో పోయి, మీ బీర విచ్చుకునే వేళకి ఇంటికి చేరతాయి. వెన్నెల రాత్రుల్లో ఈ పెద్ద ఈగ మేతకి పోతుందని అంటారు గానీ మీ మిద్దె మీద ఒక్క పాదు కోసం దిగుతుందా? చేలో అయితే రాత్రి పురుగులు, సాయంత్రం తిరిగే చిన్న ఈగలు ఆ పని చేస్తాయి, ఐదంతస్తుల పైన అవి తక్కువ. ఆడ పువ్వు ఒక్కటే పూస్తుంది, కింద చిన్న పిందె ఉంటుంది. మగవి గుత్తిగా ఉంటాయి. చీకటి పడే ముందు ఒక మగ పువ్వు కోసి రేకలు తీసేసి ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రుద్దండి. సొర కూడా సాయంత్రం సరుకే. దోస, గుమ్మడి, కాకర పొద్దున పూస్తాయి, వాటికి ఈగలు సరిపోతాయి.

ఇంక అసలు విషయం. తేనెటీగల గురించి ఎక్కడ మాట వచ్చినా చివరికి "రైతులు మందులు కొట్టి చంపేస్తున్నారు" దగ్గరికే వస్తుంది, ఎవరో ఒకరు అనకముందే నేనే చెప్తాను. అవును కొడతాం. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు గుంటూరు, పల్నాడు, ప్రకాశం, అటు ఖమ్మం వరంగల్ దాకా మిరప తోటలు ఏమయ్యాయో చూసినవాడికి తెలుసు. ఆ పురుగు మన దేశంలో మొదట 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద కనపడింది. మామూలు తామర పురుగు ఆకు మీద ఉంటుంది, ఇది పువ్వు లోపలికి దూరి కూర్చుంటుంది. పువ్వుని గీకి పెడితే పిందె పడదు. పువ్వులో పురుగు ఉన్నప్పుడు పువ్వు మీద కొట్టకుండా ఎక్కడ కొట్టాలి? ఆ పువ్వు మీదికే ఈగ వస్తుంది. ఎకరానికి కౌలు కట్టి, అప్పు తెచ్చి, పూత అంతా రాలిపోతుంటే "తేనెటీగలున్నాయి ఆగు" అంటే ఎవడు ఆగుతాడు? ఆ ఏడాది దుకాణంలో ఏ డబ్బా ఇస్తే ఆ డబ్బా, రెండు మూడు కలిపి మరీ కొట్టారు. పురుగు తగ్గలేదు. తామర పురుగుని తినే మంచి పురుగులు మాత్రం పోయాయి. మంచి పురుగుల్ని కూడా చంపే సింథటిక్ పైరిత్రాయిడ్ రకం మందులు వద్దని శాస్త్రవేత్తలు మొత్తుకున్నది అందుకే.

ఇంకొకటి కూడా చెప్పాలి. మిరపకి ఈగ లేకపోయినా కాయ పడుతుంది, తన పువ్వులోనే పుప్పొడి రాలి పని అయిపోతుంది. ఈగ వస్తే కాయ నిండుగా గింజ పడుతుంది, అంతే తేడా. అందుకే మిరప రైతుకి ఈగ పోయినా ఆ సంవత్సరం నష్టం కంటికి కనపడదు. కనపడేది పక్క పొలంలో దోస, పుచ్చ వేసినవాడికి. మందు కొట్టింది ఒకడు, పిందె పడనిది ఇంకొకడికి. ఇది ఇద్దరు రైతులు గట్టు మీద కూర్చుని తేల్చుకునే తగువు కాదు.

ఏం చెయ్యొచ్చంటే, చేసేవాళ్లు చేస్తున్నారు. నీలి రంగు జిగురు అట్టలు పెడుతున్నారు, చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ రెండు మూడు వరసలు వేస్తున్నారు, యూరియా తగ్గిస్తున్నారు, తగ్గిస్తే పురుగు కూడా తగ్గుతుంది. మందు కొట్టక తప్పకపోతే పొద్దున ఎనిమిదింటికి కాకుండా ఎండ తగ్గాక కొట్టమంటారు, ఈగలు ఇంటికి పోయి ఉంటాయి కాబట్టి. అదే గట్టు మీద బీర పాదు ఉంటే మాత్రం సాయంత్రం సలహా తిరగబడుతుంది, దాని పువ్వు అప్పుడే విచ్చుకుంటుంది, దాని మీద పడకుండా చూసుకోవాలి. ఇది ఏ డబ్బా మీదా రాసి ఉండదు.

డబ్బా అంటే గుర్తొచ్చింది. దాని మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ త్రికోణం ఉంటుంది చూడండి, ఆకుపచ్చ అయితే మంచి మందు, ఏమీ కాదు అని మా వైపు చాలామంది అనుకుంటారు. ఆ రంగు మనిషికి ఎంత విషమో చెప్పేది. ఈగకి ఎంతో ఆ రంగు చెప్పదు. ఈగ సంగతి లోపల మడతపెట్టిన కాగితంలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

గుంటూరు_గోపి_కాదు:

పైన అన్న రాసింది బాగుంది గానీ ప్రభుత్వాన్ని ఎందుకు వదిలేశారు? ఇమిడాక్లోప్రిడ్, క్లోథియానిడిన్, థయామెథాక్సామ్, ఈ మూడు పురుగుమందుల్నీ యూరప్ వాళ్లు ఈగలు వచ్చే పంటల మీద 2013లోనే కట్టడి చేశారు, 2018లో ఆరుబయట పొలాల్లో పూర్తిగా ఆపేశారు, గ్రీన్‌హౌసుల్లో తప్ప. ఎందుకంటే ఇవి పైన కొట్టినా, విత్తనానికి పట్టించినా మొక్క రసంలోకి ఎక్కి పుప్పొడిలోకి, తేనెలోకి కూడా వస్తాయి. సాయంత్రం కొట్టినంత మాత్రాన పోయేది కాదు. మన దగ్గర 2020లో 27 మందుల్ని నిషేధిస్తామని కేంద్రం ముసాయిదా ఇచ్చింది, మూడేళ్ల తర్వాత 2023లో చూస్తే చేతికి వచ్చింది గుప్పెడు.

ప్రత్తిపాడు_మిరప:

యూరప్ రైతుకి వేరే దారి చూపించి ఆపారు, లేదా నష్టం ఇచ్చారు అనుకుందాం. ఇక్కడ ఆపితే మర్నాడు నా తోటకి ఏం కొట్టాలో కూడా ఆ జీవోలోనే రాయమనండి, నేనే ముందు సంతకం పెడతా. మా మండలంలో ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్లు ఉన్నారు, దాన్ని నడిపించే ప్రభుత్వ సంస్థ రైతు సాధికార సంస్థ ఆఫీసు గుంటూరులోనే ఉంది, వేపాకు, ఇంకొన్ని ఆకులతో నీమాస్త్రం, దశపర్ణి కషాయం చేసుకుంటారు. కూరగాయల్లో నడుస్తోంది. మిరపలో నల్ల తామర వచ్చిన ఏడాది ఎంతవరకు నిలబడతారో ఆ పక్క రైతు చూస్తున్నాడు, నేనూ చూస్తున్నా. మాటల కంటే అది ఎక్కువ పని చేస్తుంది.

కొండపల్లి_నడక:

కొంచెం పక్కకి వెళ్తున్నా, ఏమనుకోకండి. ఈ ఈగలు మీ అపార్ట్‌మెంటుకి ఎందుకొచ్చాయి అని ఎవరూ అడగలేదు. ఎత్తయిన చెట్టు, కొండ చరియ వాటి అసలు చోటు. విజయవాడలో పెద్ద చెట్లు రోడ్డు వెడల్పుకి పోయాయి, ఫ్లైఓవర్లకి పోయాయి, మిగిలిన ఎత్తయినవి మన వాటర్ ట్యాంకులు. మేత మాత్రం ఇంకా చుట్టుపక్కల ఉంది కాబట్టి వస్తున్నాయి. ఆ మేతలో పెద్ద భాగం కొండపల్లి రిజర్వు అడవి. ఇబ్రహీంపట్నం దాటాక మూలపాడు దగ్గర సీతాకోక చిలుకల పార్కు ఉంది కదా, ఆదివారం పొద్దున అటు వెళ్లి చూడండి, ఊరికి ఇంత దగ్గర్లో ఇంత అడవి మిగిలి ఉందా అనిపిస్తుంది. ఈ మాఘ ఫాల్గుణాల్లో మోదుగ, బూరుగ పూస్తాయి. బూరుగ పువ్వు దగ్గరికి రాత్రి గబ్బిలాలు వస్తాయి, పొద్దున పిట్టలు, ఆ తర్వాత ఈగలు. గబ్బిలం అంటే మనకి అపశకునం, దాన్ని కొట్టి తరుముతాం, ఇప్ప పువ్వుకి పుప్పొడి మోసేది కూడా అదే.

ఆ అడవిలో గ్రావెల్ తవ్వకాల గొడవ ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) దాకా వెళ్లింది. అప్పుడు పేపర్లలో చదివి మనమంతా అయ్యో అనుకున్నాం, తర్వాత ఏమైందని ఎంతమంది అడిగారు? కొండపల్లి బొమ్మలు మాత్రం గృహప్రవేశాలకి కొని గిఫ్టు ఇస్తాం. ఆ బొమ్మ చేసే తెల్ల పొణికి చెక్క ఆ అడవి చెట్టుదే, కొట్టినంత వేగంగా పెరగదు, కళాకారులు చెక్క దొరక్క అల్లాడుతున్నారు. నాకు ఇది ఈగల గొడవ కంటే తక్కువ గొడవగా అనిపించదు, రెండూ ఒకే కొండ మీదివి.

బాబాయ్ గారు "ఒక్క పట్టు తీస్తే ఏమవుతుంది" అన్నారు. రాబందుల విషయంలో కూడా ఎవరూ కావాలని చంపలేదండి. పశువుల నొప్పికి డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఇచ్చారు, ఆ పశువు చచ్చాక రాబందు తింది, కిడ్నీ పోయి చచ్చింది. కారణం తెలుసుకుని పశువులకి ఆ మందు 2006లో నిషేధించేసరికి దేశంలో రాబందులు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. మా నాన్న చిన్నప్పుడు కృష్ణ ఒడ్డున చూశానంటాడు, నేను జూలో చూశాను.

మేడమ్, మీ అసోసియేషన్‌కి ఒక పని చెప్పండి. కాంపౌండు గోడ పక్కన కోనోకార్పస్ ఉందా? ఉండే ఉంటుంది, ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంటుకీ అదే. పచ్చగా గోడలా పెరుగుతుంది, ఈగకి గానీ పిట్టకి గానీ పెద్దగా పనికిరాదు. గుజరాత్ అటవీ శాఖ 2023లో దాన్ని నాటొద్దని చెప్పేసింది. దాని బదులు కానుగ, నేరేడు, కుంకుడు, చోటు తక్కువైతే కరివేపాకు, నిమ్మ. కరివేపాకు మీద పక్షి రెట్టలా కనపడే పురుగుని చూసి స్ప్రే చెయ్యకండి, కొన్ని వారాలు ఆగితే అదే సీతాకోక చిలుక. పెద్ద చెట్టు కొట్టాలంటే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలన్న సంగతి కూడా మీ గ్రూపులో ఒకసారి పెట్టి ఉంచండి, ఎప్పటికైనా పనికొస్తుంది.

ఇంకో దారి ఉంది, ఎవరూ వాడరు. జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం ప్రతి స్థానిక సంస్థకీ ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. కార్పొరేషన్ అయినా పంచాయతీ అయినా అంతే. మీ వార్డులో తేనెపట్లు పెట్టే చెట్లు, గబ్బిలాలు వేలాడే చెట్లు, చెరువులు అందులో ఎక్కించమని రాతపూర్వకంగా అడగండి. రిజిస్టర్‌లో ఉన్న చెట్టుని రోడ్డు కోసం కొట్టేటప్పుడు ఒక్క ప్రశ్నయినా ఎదురవుతుంది, లేని చెట్టుకి అదీ లేదు. ఉప్పలపాడు చూడండి, గుంటూరు పక్కనే, ఊరి చెరువులో తుమ్మ చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఆ కంపు, ఆ గోల రోజూ భరిస్తున్నది ఆ ఊరివాళ్లే, మనం ఆదివారం కెమెరా వేసుకెళ్లి వచ్చేస్తాం.

బెంజిసర్కిల్_బాబాయ్:

సరే బాబూ, రాబందుల దాకా తీసుకెళ్లావు. జాలీ సంగతి, తాళం సంగతి నాకు నచ్చాయి. కానీ ఐదో అంతస్తు వాళ్ల ఇంట్లోకి రాత్రి ఈగలు వస్తుంటే వాళ్లు ఇంకా రెండు నెలలు కిటికీలు మూసుకుని ఉండాలా? వాళ్ల కరెంటు బిల్లు ఎవరు కడతారు? పుణ్యం అందరిదీ, చెమట వాళ్లదీనా?

పెట్టెల_తేనె_తెనాలి:

న్యాయమైన ప్రశ్నే. కిటికీలు మూయక్కర్లేదు, లైటు మారిస్తే చాలావరకు తగ్గుతుంది. తెల్ల ట్యూబు, తెల్ల ఎల్ఈడీ ఈగల్ని లాగుతాయి. ఈగకి ఎరుపు రంగు కనపడదు. బాల్కనీలో, మెట్ల మీద, టెర్రస్ మీద తెల్ల బల్బులు తీసి తక్కువ వాటేజీ ఎర్ర బల్బు పెట్టుకోండి, అవసరమైనప్పుడే వేసుకోండి. లోపల గదిలో లైటు ఉంటే కర్టెన్ వేయండి. కిటికీకి దోమల జాలీ లేకపోతే అసోసియేషన్ డబ్బుతో ఐదో అంతస్తు రెండు ఫ్లాట్లకీ కొట్టించండి, అది దోమలకి కూడా పనికొస్తుంది కాబట్టి ఎవరూ కాదనరు. కింద పడిన ఈగ చచ్చిందనుకుని చెప్పుల్లేకుండా తొక్కొద్దు, ముల్లు దిగుతుంది.

పటమట_మిద్దెతోట:

అందరికీ చాలా థాంక్స్. నిన్న సాయంత్రం మీటింగు జరిగింది. కాగడా మనిషి తేనె రోడ్డు మీద అమ్ముతాడన్న సంగతి చెప్పగానే మూడో అంతస్తు ఆంటీ "మొన్న మనం కొన్నది ఎక్కడిదో" అని మొదలుపెట్టింది, ఇంక ట్రెజరర్ గారు ఏం మాట్లాడినా వినేవాళ్లు లేరు. వేప పూత, కానుగ పూత అయ్యేదాకా ఆగుదాం అని రాసుకున్నాం. తాళం, ఎర్ర బల్బులు, ఐదో అంతస్తుకి జాలీలు ఒప్పుకున్నారు. అలర్జీ ఉన్నవాళ్లెవరో కనుక్కుంటే రెండో అంతస్తులో ఒక బాబు ఉన్నాడు, ఇంతకు ముందు కందిరీగ కుడితే ముఖమంతా వాచిందట. వాళ్లమ్మ డాక్టర్ని అడిగి వస్తానంది, పట్టు ఉంచొద్దని ఆవిడ అంటే మళ్లీ కూర్చుంటాం. కోనోకార్పస్ మాత్రం ఎవరూ ఒప్పుకోలేదు, "ఎంత నీట్‌గా ఉందో చూడండి" అంటారు.

బీరకి మగ పువ్వు రుద్దడం మొదలుపెట్టాను, రెండు పిందెలు ఇంకా పచ్చగానే ఉన్నాయి, చూడాలి.

లిఫ్టులో అంటించడానికి ఇలా రాశాను, ఏమైనా తప్పుంటే చెప్పండి: "టెర్రస్‌పై తేనెటీగలు ఉన్నాయి. పైకి వెళ్లవద్దు. రాళ్లు విసరవద్దు, పొగ పెట్టవద్దు. రాత్రి బాల్కనీ తెల్ల లైట్లు ఆర్పండి. ఈగలు లేస్తే ముఖం కప్పుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకోండి. ఎక్కువగా కుట్టినా, ఊపిరి ఇబ్బందైనా 108."

ఒక్క డౌటు మిగిలింది. ప్రతి నెలా ట్యాంకు కడిగేవాళ్లు వస్తారు, ఈ నెల వాళ్లని ఏం చెయ్యాలి?

పెట్టెల_తేనె_తెనాలి:

నోటీసు బాగుంది. పనిమనుషులకి, వాచ్‌మన్‌కి చదివి వినిపించండి, లిఫ్టు ఎక్కనివాళ్లకి అది కనపడదు.

ట్యాంకు ఇప్పుడు కడిగించొద్దు. పైన మనిషి దిగి బ్రష్షుతో రుద్దితే ఆ అదురు స్లాబు కింద ఈగలకి తెలుస్తుంది, మొదట దెబ్బ తినేది ఆ కడిగే కుర్రాళ్లే. ఈగలు వెళ్లేదాకా వాయిదా వేయండి. మరీ తప్పదంటే ఆ ట్యాంకు కనెక్షను ఆపేసి, కింద సంపు నుంచి రెండో ట్యాంకుకి ఎక్కించుకోండి, అపార్ట్‌మెంటుకి ఒక్కటే ట్యాంకు ఉండదు కదా.

బెంజిసర్కిల్_బాబాయ్:

మాకు ఒక్కటే ఉందండీ.

పెట్టెల_తేనె_తెనాలి:

మీది కాదు బాబాయ్, మేడమ్ వాళ్లది అడిగాను. మీ ట్యాంకు కింద కూడా ఒకసారి టార్చి వేసి చూడండి, ఇప్పుడైతే చిన్నగానే ఉంటుంది.

పటమట_మిద్దెతోట:

మాకు రెండున్నాయి. వాచ్‌మన్‌కి వాల్వు చూపించేశాను.